హాకీ స్కేటు బ్లేడు గారి సముఖమునకు

మహారాజరాజశ్రీ హాకీ స్కేటు బ్లేడు గారి దివ్యసముఖమునకు, మంసాపురంలో పుట్టి, ప్రస్తుతం కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో తమ సేవలో కాలం గడుపుతున్న ఒక తల్లి అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపములు.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మా అమ్మాయి తుంటి మీద అరచేయంత మేర కమిలిపోయి ఉంది, దాని సంగతి తరవాత మనవి చేసుకుంటాను. తమ క్షేమం అడగాల్సిన పని లేదు. రాత్రి అందరూ పడుకున్నాక నేనే తమ ఒంటి తడి తుడిచి, హీటరుకు దగ్గరా దూరమూ కాకుండా చూసి ఆరబెట్టి, మెత్తటి గుడ్డ తొడుగు వేసి పడుకోబెట్టాను. ఈ ఇంట్లో ఇంత సేవ చేయించుకునే ప్రాణి మరొకటి లేదు. చలికి పెదవులు పగిలితే మా వారు వెన్న ఎక్కడుందో తనే వెతుక్కుంటారు.

తమరు ఇద్దరు గనక ఇద్దరికీ కలిపే రాస్తున్నాను. కుడివారు ముందు చదివి, తరవాత ఎడమవారికి ఇవ్వగలరు. కారణం ఎడమవారికి తెలుసు.

మా ఊరి సంగతి తమకు ఎన్నడూ చెప్పుకోలేదు. రాజపాళయానికీ శ్రీవిల్లిపుత్తూరుకూ దగ్గర్లో, పడమటి కనుమల పాదాల కింద ఉంటుంది మంసాపురం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కొండ మీద మబ్బు దిగితే దాన్నే చలి అని దుప్పటి తీస్తాం. మంచుగడ్డ అంటే పెళ్ళిళ్ళకు గోనెసంచిలో, రంపపుపొట్టు కప్పుకుని వచ్చే వస్తువు. దాని మీద నిలబడి పరుగెత్తాలన్న ఆలోచన మా వంశంలో ఎవరికీ రాలేదు. హాకీ మాత్రం మాకు కొత్త కాదు. బస్సెక్కితే కోవిల్‌పట్టి, అక్కడ చంటిపిల్లలు కూడా కర్ర పట్టుకునే నడక నేర్చుకుంటారంటారు. 2022లో ఆసియా కప్‌కని జకార్తా వెళ్ళిన భారత జట్టులో కోవిల్‌పట్టి కుర్రాడు మారీశ్వరన్ ఉన్నాడని మా నాన్న ఫోన్ చేసి మరీ చెప్పారు. 2025 చివర్లో జూనియర్ ప్రపంచ కప్ చెన్నైతో పాటు మదురైలోనూ జరిగితే, మనవరాలికి ఆ సంగతి చెప్పమని పోరుపెట్టారు. ఆ హాకీకి కర్ర, బంతి, ఎండను లెక్కచెయ్యని ఒళ్ళు ఉంటే చాలు. అందులో తమరు లేరు. ఆ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అదేనని ఇన్నాళ్ళకు తెలిసింది.

ఎడ్మంటన్‌కు వచ్చాక మా అమ్మాయి స్నేహితురాళ్ళంతా శీతాకాలంలో ఎక్కడికి పోతారో చూసి, తనూ పోతానంది. ఇక్కడ ప్రతి పేటకూ ఒక కమ్యూనిటీ లీగ్, దానికో ఆరుబయలు రింకు. నీళ్ళు కొడితే చాలు, మిగతా పని చలే చేసిపెడుతుంది. ఇంతవరకూ ఫిర్యాదు లేదు. ఫిర్యాదు దుకాణంలో మొదలైంది.

ఐస్ హాకీ ఆడే పిల్లకు ఒంటి మీద ఏమేం ఉండాలో తమకు నేను చెప్పాలా? జాలీ ఉన్న హెల్మెట్, మెడ తొడుగు, భుజాలకూ మోచేతులకూ ప్యాడ్లు, నడుముకు దిండులాంటి నిక్కరు, ముంగాళ్ళకు ప్యాడ్లు, వాటి మీద మేజోళ్ళు, మేజోళ్ళు జారకుండా టేపు, గ్లవ్స్, కర్ర, కర్రకు మళ్ళీ టేపు. ఇదంతా మోసే సంచి మా అమ్మాయి కంటే బరువు. మెడ తొడుగు మీద బీఎన్‌క్యూ ముద్ర, హెల్మెట్ మీద సీఎస్‌ఏ భద్రతా ముద్ర లేకపోతే రింకులో అడుగు పెట్టనివ్వరు. అయినా ఇవన్నీ మర్యాదస్తులు. ఒకసారి కొంటే నోరెత్తరు. పిల్ల ఎదిగాక మరొకరింటికి వెళ్ళిపోతారు. ఇక్కడ సెకండ్‌హ్యాండ్ సామాన్ల దుకాణాల్లో గోడ పొడవునా ముంగాలి ప్యాడ్లు వేలాడుతుంటాయి. కందిపొడి ఎక్కడ దొరుకుతుందని అడుక్కునే మన తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులోనే భుజం ప్యాడ్లు ఊరికే ఇచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళబ్బాయి హాకీ మాని క్రికెట్‌లోకి వెళ్ళాడట, ఇంట్లో పండగ చేసుకున్నట్టే చెప్పారు.

పాత స్కేట్లు కొనబోతే మాత్రం దుకాణంలో తలపండిన పెద్దాయన బూటు వంక చూడనేలేదు. తలకిందులుగా పట్టుకుని, ప్లాస్టిక్ హోల్డరు కింద తమరు ఎంత ఎత్తు మిగిలారో బొటనవేలుతో కొలిచాడు. ‘ఉక్కు అయిపోయింది’ అని పక్కన పడేశాడు. బూటు తోలు బాగుంది, లేసులు కొత్తవి, లోపలి మెత్త చెక్కుచెదరలేదు, అయినా తమరు అరిగారు గనక అన్నీ అరిగినట్టే లెక్క. పెళ్ళికొడుకు జాతకం ఒకటే చూసి సంబంధం వదులుకున్నట్టు.

సరే, కొత్తవే కొన్నాం. రోజూ వేసుకునే బూట్ల సైజు కంటే ఒకటో ఒకటిన్నరో తగ్గించాలన్నారు. వేళ్ళు ముందు తగిలీ తగలనట్టుండాలి, మోకాలు వంచితే మడమ వెనక్కి ఒదగాలి. తరవాత బూట్లను పొయ్యిలో పెట్టారు. దాదాపు ఎనభై డిగ్రీల వేడికి మెత్తబడ్డాక పిల్ల కాళ్ళకు తొడిగి, లేసు బిగించి, కదలకుండా కూర్చోమన్నారు. బూటు ఆ కాలికి ఒదుగుతుందట. ఇవన్నీ అయి డబ్బు కట్టాక దుకాణదారు అడిగాడు, ‘సాన పట్టించుకుంటారా?’ అని. కొత్తగా వచ్చిన బ్లేడుకు అంచు ఉండదట. కారులా నడిచి వస్తుందనుకున్నది బండి చట్రం మాత్రమేనని డబ్బు ఇచ్చాక చెప్పడం తమ సంప్రదాయంలా ఉంది.

ఇక ‘ఏ హాలో?’ అన్నాడు.

ఆ ప్రశ్నతో మా ఇంట్లో శాంతి పోయింది. అందరికీ తెలియాలి గనక తమ రహస్యం ఇక్కడ బయటపెడుతున్నాను, కోపగించుకోవద్దు. తమరిని చూసినవాళ్ళు కత్తి అనుకుంటారు. కాదు. సుమారు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న తమ అడుగు భాగంలో పొడవునా ఒక సన్నటి గాడి తవ్వుతారు. ఆ గాడికి రెండు వైపులా మిగిలే గట్లే తమ అంచులు, ఒకటి లోపలి వైపు, ఒకటి బయటి వైపు. అంటే తమరు ఇద్దరు కాదు, నలుగురు. ఆ గాడిని ఒక వృత్తంలో ముక్కగా ఊహించుకుంటే, ఆ వృత్తం వ్యాసార్ధమే హాలో. అర అంగుళం అన్నది ఇక్కడ చాలా దుకాణాల్లో ఏమీ అడగకుండా పట్టేసే కొలత. వ్యాసార్ధం తగ్గించి 3/8 అంగుళం అంటే గాడి లోతు, అంచు కరుకు, మంచును గట్టిగా కరుస్తుంది. పెంచి 5/8 అంటే గాడి నిస్సారం, జారుడు ఎక్కువ, పట్టు తక్కువ. తేలికపాటి పిల్లలకు మంచులోకి దిగేంత బరువుండదు గనక లోతు గాడి నయమంటారు. బరువున్న పెద్దలు అదే గాడి వేసుకుంటే ఆగబోయినచోట మోకాళ్ళు పట్టేస్తాయంటారు.

ఇంతలా కొట్లాడుకునే ఈ గాడి లోతెంతో ఒక రాత్రి కాగితం మీద లెక్కవేశాను. లెక్కల్లో మా ఊరివాళ్ళం గట్టివాళ్ళమే. మూడు మిల్లీమీటర్ల మందానికి అర అంగుళం హాలో పెడితే గాడి లోతు 0.09 మిల్లీమీటర్లు. ఒక తెల్లకాగితం మందం కూడా పూర్తిగా లేదు. 5/8 పెడితే 0.07. అంటే ఈ రెంటికీ ఉన్న తేడా మిల్లీమీటరులో యాభయ్యో వంతు. ఆ యాభయ్యో వంతు కోసం పార్కింగ్ లాట్‌లో ఇద్దరు తండ్రులు చేతుల్లో కాఫీ చల్లారిపోయేదాకా వాదించుకోవడం కళ్ళారా చూశాను. ఒకాయన ప్లంబరు, ఒకాయన పళ్ళ డాక్టరు. వాళ్ళ వృత్తుల్లో కూడా వాళ్ళు అంత సూక్ష్మంగా ఆలోచిస్తారని నమ్మకం లేదు.

పోనీ ఒక కొలత ఖాయం చేసుకుందామా అంటే మంచు ఒప్పుకోదు. లోపలి రింకులో మంచు సున్నాకు అయిదారు డిగ్రీలు కింద ఉంటుంది, మెత్తన. పేట రింకులో జనవరిలో చలి ముదిరితే గాలే సున్నాకు పాతిక డిగ్రీలు కింద ఉంటుంది, మంచు రాయి. అక్కడ కరిచే అంచు వేరు, ఇక్కడ జారే అంచు వేరు. మా అమ్మాయి పొద్దున లోపల ప్రాక్టీసు, సాయంత్రం బయట ఆట. తమరు మాత్రం ఒకటే జత. తమ పొడవునా ఉండే వంపు మరో కథ. దాన్ని అడుగుల్లో కొలుస్తారు, తొమ్మిది, పది, పదమూడు అని. అంత పెద్ద వృత్తంలో ముక్కట తమరు. వంపు ఎక్కువైతే చురుగ్గా తిరగొచ్చు, తక్కువైతే నిలకడగా సాగొచ్చు. దాని జోలికి మేము పోలేదు. ఇంటికో తగువు చాలు.

సాన పట్టేవాడంటే నాకు తెలిసినవాడు మా వీధికి సైకిలు మీద వచ్చేవాడు. స్టాండు వేసి, పెడలు తొక్కుతూ, చక్రం మీద మా అవ్వ కత్తిపీట ఆనిస్తే నిప్పురవ్వలు లేచేవి. చివర గోటి మీద ఒకసారి ఆనించి చూసి ఇచ్చేవాడు. దుకాణంలో మనిషి చేసేది వేరే విద్య, ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ముందు వజ్రపు మొన ఉన్న ఒక చేతిని తిరుగుతున్న రాయి మీదుగా విల్లులా తిప్పి, రాయి అంచునే కావలసిన వంపుకు చెక్కుతాడు. తమరిని ఒక బిగింపులో పడుకోబెట్టి, రాయి మందంలో సరిగ్గా నడిమధ్యకు ఎత్తు సరిచూసి, మడమ నుంచి మునివేళ్ళ దాకా ఒకే వేగంతో లాగుతాడు. చేయి ఎక్కడ తడబడినా అక్కడ గుంట పడుతుంది. చివరి లాగుడు ఊదినట్టు తేలిగ్గా. తరవాత పక్కల నిలిచిన ఉక్కు పొరను చిన్న రాతితో తీసేస్తాడు. కొన్ని ఇళ్ళలో ఇప్పుడు బల్ల మీద పెట్టుకునే యంత్రాలు కూడా ఉన్నాయి. స్కేటు బిగించి మీట నొక్కితే అదే సాన పడుతుంది, హాలో మార్చాలంటే రింగు మార్చాలి. ఖరీదు చూసి, ఆ డబ్బుకు మంసాపురం టిక్కెట్టు వస్తుందని మా వారు ఒక్క మాటలో తేల్చేశారు.

ఇక ఎడమవారి సంగతి. దయచేసి కుడివారు కాసేపు పక్కకు తప్పుకోగలరు.

ఈమధ్య, పేరు చెప్పను, ఒక దుకాణంలో తమకు సాన పట్టించాం. రద్దీగా ఉన్న శనివారం, కౌంటరు దగ్గర కొత్త కుర్రాడు. ఆ మరునాటి నుంచి మా అమ్మాయి కుడి పక్కకు తిరిగేటప్పుడల్లా కాలు కింద నుంచి ఎవరో గుడ్డ లాగేసినట్టు పడిపోయేది. పడేది ఎప్పుడూ ఒకే తుంటి మీద. మోకాళ్ళు వంచమని బెంచీ దగ్గర నుంచి కోచ్ కేక, బరువు ముందుకు వెయ్యమని గాజు అవతల నుంచి ఎవరో తండ్రి సలహా. పిల్ల వంచింది. ముందుకు వేసింది. పడింది. రాత్రి కారులో, వెనక సీటులో హెల్మెట్ కూడా తియ్యకుండా, ‘నాకు ఆ పక్క తిరగడం రాదు’ అని నిర్ణయం ప్రకటించింది. ఎనిమిదేళ్ళ పిల్ల అంత ఖాయంగా మాట్లాడితే ఇంట్లో ఎవరికీ మరో మాట రాలేదు.

చివరికి జట్టులో మరో పిల్ల తాతగారు, ఎప్పుడో గోల్‌కీపరుగా ఆడినాయన, స్కేటు తిరగేసి, జేబులోంచి ఒక నాణెం తీసి, తమ రెండు అంచుల మీద అడ్డంగా నిలబెట్టారు. కుడివారి మీద నాణెం తిన్నగా నిలిచింది. ఎడమవారి మీద ఒక పక్కకు ఒరిగింది. లోపలి అంచు పల్లం, బయటి అంచు మిట్ట. రాయి నడిమధ్యకు సరిచూడలేదన్నమాట. కుడికి తిరిగేటప్పుడు పిల్ల బరువు మోయాల్సిన అంచుల్లో ఒకటి తమ లోపలి అంచు. ఆ అంచు తమ దగ్గర లేదు. లేదని తమకు తెలుసు. అయినా పిల్ల మోకాళ్ళకు మాట పడుతుంటే తొడుగులో వెచ్చగా ఉన్నారు.

ఉక్కు జాతివారికి నోరు లేదనే సాకు చెప్పొద్దు. మంచు మీద కిర్రుమని అరవడం తమకు వచ్చు. రింకు అవతలి గట్టు దాకా వినబడుతుంది.

సరే, ఇప్పుడు ఉపకారాల చిట్టా విప్పుతాను. తమరిని సిమెంటు మీద అడుగు పెట్టనిచ్చానా? రింకు నుంచి బట్టలు మార్చుకునే గది దాకా పరిచిన రబ్బరు చాపల మీదనే నడిపించాను. చాప లేని చోట గట్టి ప్లాస్టిక్ తొడుగు వేశాను. అదే తొడుగులో ఉంచేస్తే చెమ్మ పట్టి తుప్పెక్కుతారని ఇంటికి రాగానే తీసి, మెత్త గుడ్డ తొడుగుకు మార్చాను. మా అమ్మ పంపిన శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా డబ్బాకు మూత సరిగ్గా పెట్టని చేతులే ఇవి. తమకు మాత్రం అరలో పక్క వేశాయి. ప్రతిఫలం ఏమిటయ్యా అంటే, సాన పట్టిన ప్రతిసారీ తమరు కొంచెం తరుగుతారు. మా అమ్మాయి పాదం నెలనెలా పెరుగుతుంది. తమరు పొట్టి, పాదం పొడుగు, రెండూ ఒకేసారి జరుగుతాయి. తమకు ఆయుష్షు మిగిలిన నాటికి బూటు పట్టదు, బూటు పట్టిన నాటికి తమకు ఆయుష్షు ఉండదు. ఈ లెక్కలో లాభపడుతున్నది సాన పట్టేవాడు ఒక్కడే.

పైగా ఆట అంతా తమ వల్లనే నడుస్తోందని గర్వం. మంచు జారడం తమ గొప్పా? తమ అంచు ఒత్తిడికి మంచు కరుగుతుందని, ఆ నీటి మీద జారుతారని 1886లో జాన్ జోలీ రాశాడు. బడిలో మాకూ అదే చెప్పారు. కానీ మంచు కరిగే హద్దు ఒక్క డిగ్రీ కిందికి దిగాలంటే దాదాపు 130 రెట్లు వాతావరణ పీడనం కావాలి. సున్నాకు పాతిక డిగ్రీల కిందున్న పేట రింకులో నా పిల్ల బరువుకు ఆ పప్పులు ఉడకవు. రాపిడి వేడి వల్ల కరుగుతుందని 1939లో బౌడెన్, హ్యూస్ చూపించారు. అంతకు చాలా ముందు, 1850లోనే, మంచు పైపొర ఎవరూ తాకకుండానే తడిగా ఉంటుందని ఫారడే అన్నాడు. అంటే తమరు రాకముందే మంచు జారుతోంది. తమరు చేసేదల్లా ఆ జారుడుకు ఒక దారి చూపడం, కాలు పక్కకు పోకుండా పట్టుకోవడం. ఆ పట్టుకోవడం కూడా చెయ్యకపోతే ఎముకలకూ తమకూ తేడా ఏమిటి? తమ తాతముత్తాతలు జంతువుల కాలి ఎముకలే గదా. వాళ్ళకు అంచు లేదు, అందుకే కర్రతో మంచును తోసుకుంటూ పోయేవారు. వాళ్ళను సాన పట్టించమని ఏ తల్లినీ పీడించలేదు. ఉక్కు వచ్చాకే తమకు దర్జా పెరిగింది. 1860ల్లో నోవా స్కోషియాలోని డార్ట్‌మత్‌లో స్టార్ కంపెనీ తమరిని స్ప్రింగులతో బూటుకు బిగించింది. 1875 మార్చి 3న మాంట్రియల్ విక్టోరియా రింకులో పైకప్పు కింద మొదటి హాకీ మ్యాచ్ ఆడారు. నాటి నుంచి నేల మీద నిలవలేదు.

తమ వంశప్రతిష్ఠ విని ఎవరైనా మా దేశానికి తమరు చేసిన మేలేమిటని అడిగితే నాకు జవాబు లేదు. లదాఖ్‌లో చెరువులు గడ్డకడితే సైనికుల బూట్లకు ఇనుప రేకులు బిగించుకుని ఆడారు మావాళ్ళు. అక్కడికి రావడానికి తమకు తీరిక లేకపోయింది. మా ఆడపిల్లల జట్టు 2016లో తైపేకి మొదటి అంతర్జాతీయ పోటీకి వెళ్ళడానికి జనం దగ్గర చందాలు పోగుచేసుకుంది. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ను 4–3తో ఓడించి తొలి గెలుపు చూసింది. 2025లో అల్ అయిన్‌లో ఆసియా కప్ కాంస్యం తెచ్చుకుంది. ఏడాదిలో రెండు మూడు నెలలే గట్టి మంచు, మిగతా కాలం ఎదురుచూపు, ఎవరో వదిలేసిన ప్యాడ్లు, ఎవరో పంపిన బూట్లు. ఇక్కడ ఎడ్మంటన్‌లో పేటకో రింకు, వీధికో సానరాయి పెట్టుకుని నేను మొర పెట్టుకోవడం వాళ్ళు వింటే నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళ నవ్వుకు అర్హత ఉంది, తమకు లేదు.

ఇప్పటిదాకా రాసింది ఇంటి గొడవ. ఇక రాసేచోట నా మర్యాద సడలితే సడలనివ్వండి.

2023 అక్టోబర్ 28న ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో, నాటింగ్‌హామ్ జట్టు తరఫున ఆడుతున్న ఆడమ్ జాన్సన్ అనే మిన్నెసోటా కుర్రాడు, ఇరవైతొమ్మిదేళ్ళవాడు, తమ జాతి అంచు మెడకు తగిలి చనిపోయాడు. ఢీకొట్టుకున్నప్పుడు ఎదుటివాడి కాలు లేచింది. అంతే. వేల మంది చూస్తుండగా. అంతకు ముప్పయి నాలుగేళ్ళ ముందు, 1989 మార్చి 22న, బఫెలోలో గోల్‌కీపరు క్లింట్ మలార్‌చక్‌కు ఇదే జరిగింది. సైన్యంలో వైద్య సహాయకుడిగా చేసి వచ్చిన జట్టు ట్రైనర్ జిమ్ పిజ్జుటెల్లి వేళ్ళతో రక్తనాళం నొక్కిపట్టడం వల్ల బతికాడు. జాన్సన్ పోయాక ఇంగ్లండులో 2024 జనవరి నుంచి మెడ తొడుగు తప్పనిసరి చేశారు. ప్రపంచ ఐస్ హాకీ సమాఖ్యా చేసింది. ఉత్తర అమెరికాలోని పెద్ద లీగు అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో కూడా 2026–27 సీజను నుంచి కొత్తగా వచ్చే ఆటగాళ్ళు వేసుకోవాల్సిందే. ఇక్కడి పిల్లలకు ఈ నియమం అంతకు చాలా ముందు నుంచే ఉంది. గుచ్చుకుంటోంది, ఉక్క పోస్తోంది అని మా అమ్మాయి రోజూ పేచీ పెట్టే తొడుగు అదే.

మా రాజపాళయం పక్కన చత్రపట్టి అని ఊరుంది. అక్కడ మగ్గాలు గాయాలకు కట్టే గాజుగుడ్డ నేస్తాయి. కట్టు గుడ్డ తయారయ్యే నేల నుంచి వచ్చినదాన్ని, గాయం ఎట్లా ఉంటుందో, దానికి ఎన్ని మూరల గుడ్డ పడుతుందో నాకు చెప్పక్కర్లేదు. తొడుగు గొళ్ళెం నేనే పెడతాను, నా వేలు దూరకుండా బిగిసిందో లేదో నేనే చూస్తాను. తమరిని అంత కరుకుగా సాన పట్టించేదీ నేనే, తమకు భయపడి పిల్ల మెడకు కవచం కట్టేదీ నేనే. ఈ రెండు పనులూ ఒకే పొద్దున ఒకే చేత్తో చేయిస్తున్నందుకు తమకు ఏ శిక్ష వెయ్యాలో ఇంకా తోచలేదు.

కాబట్టి తమకు మనవి చేసుకునేదేమంటే, ఈ సీజనంతా అర అంగుళమే. ప్లంబరు గారు ఏమన్నా, పళ్ళ డాక్టరు గారు ఏమన్నా, చలి ఎంత దిగినా మారేది లేదు. పేట రింకులో కాస్త జారితే జారనివ్వండి, పిల్లకు జారడమూ రావాలి. సాన పట్టిన ప్రతిసారీ డబ్బు ఇచ్చే ముందు కౌంటరు మీదనే నాణెం నిలబెట్టి చూస్తాను. వెనక వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. తుడవడం, ఆరబెట్టడం యథాప్రకారం జరుగుతాయి, అందులో కోపం చూపించను. వసంతంలో పాదం పెరిగాక తమరిని వాట్సాప్ గుంపులో ఊరికే ఇచ్చేస్తాను. తీసుకునే తల్లికి ఉక్కు ఎంత మిగిలిందో నిజం చెప్పే ఇస్తాను, నాణెం కూడా ఇచ్చి పంపుతాను.

రేపు పొద్దున ఆరున్నరకు మ్యాచ్. కుడివారికి నా ఆశీస్సులు. ఎడమవారితో నేను మాట్లాడటం లేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ సంచి మోసే తల్లి,
ఎడ్మంటన్ నుంచి, మంసాపురం మనిషి